పడుగు కిందికి దూరిన కోడి

నా చిన్నప్పుడు మా ఇంటికి వాకిట్లో ఒక గండం, పెరట్లో ఒక గండం ఉండేవి. వాకిలి ముందు వీధిలో పొద్దున్నే పక్కింటివాళ్ల పట్టు పడుగు పరుచుకుని ఉండేది. వెనక పెరటి మీద ఆకాశంలో గద్ద తిరుగుతూ ఉండేది. మనుషులమైన మాకు ఈ రెండింటితో పేచీ ఏమీ లేదు. పేచీ అంతా మా అత్త కోడికే.

అత్త అంటే మా నాయనకు చెల్లెలు. యాడికి అనే ఊరి దగ్గర ఒక పల్లెకు ఆమెను ఇచ్చారు. మామ జబ్బు చేసి పోయాడు. పిల్లలు లేరు. మా నాయన పోయి ఆమెను పిలుచుకుని వచ్చాడు. ఆ సాయంత్రం బస్సు దిగి మట్టిదారిలో నడిచి వస్తున్న అత్త నాకు బాగా గుర్తు. నెత్తిన రేకుపెట్టె, చంకలో కోడి. మెడ మీద ఒక్క ఈక కూడా లేని నల్లపెట్ట అది. చూడగానే నాకు నవ్వొచ్చింది. మా అమ్మ ఎదురు పోయి పెట్టె దించుకుంది కానీ, కోడిని మాత్రం అత్త ఎవరి చేతికీ ఇవ్వలేదు. దాని కాళ్లకు కట్టిన పీచు విప్పి, చిప్పలో నీళ్లు పోసి తాగించి, ఆ తరువాతే తాను చెంబు అందుకుంది.

మా ఊరు ధర్మవరానికి బండి కట్టుకుని పోయి వచ్చేంత దూరం. సగం ఇళ్లలో మగ్గాలు, సగం ఇళ్లలో దున్నే మడకలు. మాది మడక ఉన్న ఇల్లు. అయితే ఆ ఏడాది మడకకు పనే లేకపోయింది. వేసిన వేరుశనగ ఎండిపోయి, విత్తనం కూడా చేతికి రాలేదు. అమ్మా అత్తా కరువు పనికి పోయేవాళ్లు. రోడ్డుకు కంకర కొట్టే పని. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వాళ్ల తలలు, కనుబొమలు అన్నీ తెల్లటి రాతిపొడి కమ్ముకుని, ఇద్దరూ ఒక్కసారిగా ముసలివాళ్లయిపోయినట్టు కనిపించేవారు.

అన్న ఇంట్లో అత్తకు లోటు చేసిన వాళ్లెవరూ లేరు. మా అమ్మ ఆమెకు వేరే పంక్తి పెట్టలేదు. అయినా తనది అని చెప్పుకోవడానికి ఆ పెట్టె, ఆ కోడి తప్ప ఆమెకు ఏమీ లేవు. కోడి గుడ్డు పెట్టిన రోజు అత్త నడకే వేరుగా ఉండేది. ఆ గుడ్డు తెచ్చి మా అమ్మ చేతిలో పెట్టి, "పిల్లోళ్లకు ఉడకేసి పెట్టు వదినా" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఉన్నది ఏమిటో నాకు అప్పట్లో అర్థం కాలేదు. తినే చేయిగా కాకుండా పెట్టే చేయిగా ఉండడం ఆ ఇంట్లో ఆమెకు ఆ ఒక్క క్షణమే దొరికేదని చాలా కాలానికి తెలిసింది.

శివరాత్రి దాటాక కోడి పొదుగుకు వచ్చింది. అత్త గంపలో ఇసుక పోసి, దాని మీద గడ్డి పరిచి, గుడ్లు పెట్టి కూర్చోబెట్టింది. పిల్లలు వచ్చాయి. నలుపు, గోధుమ రంగు, పసుపు కలిసిన చిన్న చిన్న ఉండలు. వాటిలో కొన్నింటికి తల్లిలాగే మెడలు బోడిగా ఉన్నాయి. బడి నుంచి వస్తూనే పుస్తకాల సంచి విసిరేసి వాటి దగ్గరే కూర్చునేదాన్ని.

పిల్లలు పెరట్లోకి దిగిన మరుసటి రోజే గద్ద కనిపెట్టింది. కరువు మనుషులకే కాదు కదా. చేన్లలో ఎలుకలు లేవు, తొండలు లేవు. దానికి మాత్రం తిండి యాడ దొరుకుతుంది? మా పెరడు చుట్టూ నడుమెత్తు రాతిగోడ. గోడ అవతల బీడు భూమి, ఒక కానుగ చెట్టు. పైన ఎక్కడా నీడ లేదు. గద్దకు అది కంచంలో వడ్డించినట్టే ఉండేది.

మా నాయన ఒక కర్రకు నల్లగుడ్డ కట్టి పాతాడు. గద్ద రెండు రోజులు దాన్ని చూసింది. మూడో రోజు ఆ కర్ర పక్కనే దిగి పిల్లను తన్నుకుపోయింది. అమ్మ పగిలిన కుండకు సున్నం బొట్లు పెట్టి గోడ మీద బోర్లించింది. అత్త తుమ్మకంప తెచ్చి చిన్న పందిరిలాగా వాల్చింది. తల్లికోడి ఆ కంప కింద ఉన్నంతసేపు బాగానే ఉండేది. కానీ కోడిపిల్ల ఒక్కచోట ఉండే రకం కాదు. చీమ కనబడినా, గింజ కనబడినా కంప దాటి బయటికి పరుగెత్తేది.

పెద్దవాళ్లు పనికి పోతారు కాబట్టి సెలవు రోజు కాపలా నాది. ఒక ఆదివారం కర్ర పట్టుకుని పెరట్లో నిలబడ్డాను. మెడ నొప్పి పుట్టేదాకా ఆకాశం వైపే చూశాను. అది నేను చూస్తున్న వైపు నుంచి రాలేదు. ఎండకు ఎదురుగా, కళ్లు తెరవలేని వైపు నుంచి వచ్చింది. ముందు నేల మీద నీడ జారింది. తల్లికోడి గొంతు మార్చి కూసి రెక్కలు విప్పింది. పిల్లలన్నీ రెక్కల కిందికి దూరాయి. ఒక్కటి, గోధుమ రంగుది, రాయికి తట్టుకుని వెనకబడింది. నేను కర్ర ఎత్తేలోగా నా ముఖానికి గాలి కొట్టింది. తల ఎత్తేసరికి గద్ద కానుగ చెట్టు దాటిపోయింది.

సాయంత్రం అత్త వచ్చేదాకా నేను వెక్కుతూనే ఉన్నాను. తిడుతుందనుకున్నాను. ఆమె నా గడ్డం పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది.

"దాని గోరు నీకు యాడా తగల్లేదు గదా పాపా?" అని అడిగింది. తగల్లేదన్నాను. "ఐతే ఏడుపు ఏంటికి? పోయి ముఖం కడుక్కో" అంది. ఆ తర్వాత గంప దగ్గర కూర్చుని, ఉన్న పిల్లలను ఒక్కొక్కటిగా చేత్తో నిమిరింది. లెక్క చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజు నుంచి అత్త కోడిని, పిల్లలను వాకిట్లోకి మార్చింది. వీధిలో ఇళ్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, మనుషులు తిరుగుతుంటారు, గద్ద అంత సులువుగా దిగదు. కానీ వాకిట్లో రెండో గండం ఉంది కదా.

మా పక్కింటి పెద్దాయన మగ్గం నేసేవాడు. బక్కపలచటి మనిషి, మాట తక్కువ. మగ్గం గుంటలో కూర్చున్నాడంటే ఎవరు పిలిచినా తల ఎత్తడు. కొత్త చీర మొదలుపెట్టే ముందు పట్టు పోగులను వీధిలో బారుగా లాగి, రెండు కొసలా కట్టి, మధ్యలో కర్రల మీద ఆనించి, చిక్కులు తీసి, తెగినవి అతికి సరిచేసుకునేవారు. నిలువునా సాగే ఆ పోగులనే పడుగు అంటారు. ఎండ ముదిరితే పట్టు పెళుసెక్కుతుందని తెల్లవారగానే మొదలుపెట్టి, ఎండ ఎక్కేలోగా చుట్టేసేవాళ్లు. ఆ సమయంలో వీధిలో పిల్లలు పరుగెత్తకూడదు. మేకలు పోకూడదు. గాలి కూడా నెమ్మదిగా వీయాలనే పెద్దాయన కోరుకునేవాడు.

అందుకని అత్త ఒక పద్ధతి పెట్టుకుంది. పడుగు వీధిలో ఉన్నంతసేపు కోడి కాలికి పీచు కట్టి వసారా గుంజకు వేసేది. తల్లి కదలకపోతే పిల్లలూ కదలవు. పడుగు చుట్టేశాక విప్పేది. కొన్నాళ్లు అలాగే గడిచింది.

ఒక పొద్దున అమ్మా అత్తా పనికి బయలుదేరుతుండగా గద్ద వీధి మీదికే వచ్చింది. పెరట్లో ఏమీ దొరకక వెతుక్కుంటూ వచ్చిందేమో. ఇళ్ల కప్పుల మీదుగా దాని నీడ పోయింది. కోడి ఎగిరి గుంజుకుంది. పాత పీచు, పుటుక్కున తెగింది. దానికి కనబడిన నీడ ఒక్కటే, వీధి మధ్యలో పందిరిలాగా పరుచుకుని ఉన్న పడుగు. పిల్లలను వెంటేసుకుని నేరుగా దాని కిందికి దూరింది.

గద్ద ఒక చుట్టు తిరిగి పోయింది. ఆ పడుగు కింద ఒక్క పిల్లకు కూడా ఏమీ కాలేదు. అంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. పక్కింటివాళ్లు కోడిని చూసి కేకలు వేశారు. అది బెదిరి, బయటికి రావలసింది పోయి పైకి ఎగిరింది. గోళ్లు పోగుల్లో చిక్కుకున్నాయి. విడిపించుకోవడానికి రెక్కలు కొట్టుకుంది. వంకాయ రంగు పట్టు, అప్పటిదాకా నీళ్లలాగా నునుపుగా ఉన్నది, చూస్తుండగానే ముద్దలు ముద్దలుగా చుట్టుకుపోయింది. అత్త పరుగెత్తి పోయి కోడిని పట్టుకునేలోగా తెగవలసినవి తెగిపోయాయి.

పెద్దాయన అరవలేదు. తెగిన కొసలను అరచేతిలో వేసుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆ పట్టు ఆయనది కాదు. ధర్మవరం షావుకారు నేయమని ఇచ్చింది. చెప్పిన పొద్దుకు చీర పోకపోతే మళ్లీ ఆ ఇంటికి పట్టు రాదు, మగ్గం ఖాళీగా పడుకుంటుంది. కేకలు విని మా నాయన బయటికి వచ్చాడు. పెద్దాయన ఆయన వైపు చూసి ఒక్క మాట అన్నాడు.

"ఏమప్పా, కరువులో మీ కోడికి మా కూడే కనబడిందా?"

నాయన తల వంచుకున్నాడు. మా నాయన తల వంచుకోవడం నేను చూసింది అదే మొదలు.

ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ సరిగా తినలేదు. నాయన చేయి కడుక్కుని, గోడ వైపు చూస్తూ అత్తతో చెప్పాడు. "అమ్మణ్ణీ, శనివారం సంతకు కోడిని, పిల్లల్ని పంపించేద్దాం. ఒక కోడి కోసరం పక్కింటోళ్లతో చెడిపోయేది వద్దు. నాకు ఆ మాట పడే శక్తి లేదు."

అత్త, "సరే అన్నా" అంది. అంతే. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. అత్త కళ్లలో నీళ్లు వస్తాయేమో అని చూశాను. రాలేదు. ఆమె గంప మీద రాయి సరిగా ఉందో లేదో చూసి వచ్చి నడుం వాల్చింది.

మరుసటి రోజు అత్త కరువు పనికి పోలేదు. పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, సంగటి ముద్ద ఒకటి మూటగట్టుకుంది. నాకు ఆ రోజు బడి లేదు. "వస్తావా?" అంది. ఎక్కడికని అడగకుండా ఆమె కొంగు పట్టుకుని నడిచాను. ఆమె పోయింది ఎక్కడికో కాదు, పక్కింటికే.

పెద్దాయన, ఆయన భార్య లోపల పడుగు ముందేసుకుని కూర్చుని ఉన్నారు. చిక్కు తీయడానికి వీలున్నవి తీస్తున్నారు, లేనివి కత్తిరిస్తున్నారు. గడపలో నిలబడ్డ అత్తను చూసి పెద్దాయన ముఖం గట్టిపడింది.

"ఏమ్మా, ఏం పని?"

"పోగులు అతికేదానికి వచ్చినాను అన్నా."

"నీకు యాడొస్తాది ఈ పని?"

"రాదు. చూపిస్తే వస్తాది."

"ఇది కంకర కాదమ్మా, పట్టు. పో, మీ పని మీరు చూసుకోండి."

అత్త పోలేదు. వాదించలేదు. గడప పక్కన, వాళ్లకు అడ్డం రాకుండా కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. ఎంతసేపు అలా కూర్చున్నామో తెలియదు. పెద్దాయన మమ్మల్ని చూడనట్టే పని చేసుకుంటున్నాడు. చివరికి ఆయన భార్య తన ఒడిలోని పోగులను కాస్త పక్కకు జరిపి, చాప మీద చోటు చేసింది. "రా, ఇట్ల కూచో. ముందు చూడు. చెయ్యి పెట్టొద్దు" అంది.

అత్త చూసింది. ఆవిడ పిడతలోని బూడిదను వేళ్లకు అద్దుకుని, తెగిన రెండు కొసలనూ దగ్గరికి తెచ్చి, బొటనవేలికి చూపుడువేలికి మధ్య ఒక్క మెలిక పెట్టేది. అంతే, రెండు పోగులు ఒకటే పోగయ్యేవి. ఎక్కడ అతికిందో వెతికినా కనబడేది కాదు. చూడటానికి అంత సులువు. అత్త మొదలుపెట్టాక తెలిసింది అసలు కష్టం. కంకర కొట్టి కొట్టి ఆమె వేళ్లు బీటలు వారి ఉన్నాయి. ఆ బీటల్లో పట్టుపోగు చిక్కుకుని, అతికింది కాస్తా మళ్లీ తెగేది. తెగినప్పుడల్లా పెద్దాయన గొంతు సవరించుకునేవాడు. అత్త తలెత్తకుండా మళ్లీ మొదలుపెట్టేది.

నాకు బూడిద పిడత పట్టుకునే పని ఇచ్చారు. మధ్యాహ్నం ఆవిడ మాకు అన్నం పెట్టబోతే అత్త వద్దని, తెచ్చుకున్న సంగటి విప్పింది. ఆవిడ మా సంగటి మీద ఇంత పప్పు వేసింది. ఆ పప్పును మాత్రం అత్త కాదనలేదు.

సాయంత్రం ఇంటికి వస్తుంటే నాకు ఉండబట్టలేదు. పొద్దుటి నుంచి ఆమె ఒక్కసారైనా తప్పైపోయిందని అనలేదు, కోడి మాట ఎత్తలేదు. "అత్తా, క్షమించమని అడిగింటే సరిపోతుండె గదా?" అన్నాను.

ఆమె నడుస్తూనే చెప్పింది. "మాటదేముండాది పాపా, ఎవరైనా చెప్తారు. ఆయన పోగు తెగింది గదా. మాటతో అతుక్కుంటాదా?"

ఆ మాట నాకు పూర్తిగా అర్థమైందని చెప్పలేను. కానీ ఆ రాత్రి ఆమె చేతులకు ఆముదం రాసుకుని గుడ్డ చుట్టుకుని పడుకోవడం చూశాను. తెల్లవారి లేచి, ఆ నూనె జిడ్డంతా పోయేలా బూడిదతో వేళ్లు తోముకుని మళ్లీ పక్కింటికి పోయింది. బీటలు మెత్తబడ్డాయి. పోగు తెగడం తగ్గింది. ఆ తర్వాతి రోజూ పోయింది. బడి వదలగానే నేనూ నేరుగా అక్కడికే పోయేదాన్ని. అప్పటికి పెద్దాయన గొంతు సవరించుకోవడం మానేశాడు. ఒకసారి అత్త అతికిన చోటును గోటితో లాగి చూసి వదిలేశాడు. ఆయన వదిలేయడమంటే మెచ్చుకోవడమేనని ఆయన భార్య మాకు కళ్లతోనే చెప్పింది.

మా నాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. శనివారం దగ్గరికి వస్తోంది. గంపకు కట్టడానికి వల వెతికి వసారాలో పెట్టాడు. కోడి, పిల్లలు పగలంతా గంప కిందే ఉన్నాయి. గంప సందుల్లోంచి పిల్లల ముక్కులు బయటికి వచ్చేవి.

శుక్రవారం సాయంత్రానికి పడుగు అతకడం పూర్తయింది. ఎంత ప్రయత్నించినా పనికి రాకుండా పోయిన పోగులు ఒక మూల ముద్దగా పడి ఉన్నాయి. అత్త లేచి, కొంగు దులుపుకుని, "వస్తాను వదినా" అని బయలుదేరింది. అప్పుడు పెద్దాయన వెనక నుంచి అడిగాడు.

"ఆ కోడి యాడుండాది?"

"గంప కింద అన్నా. రేపు సంతకు పోతాది."

"పిల్లలు?"

"అవీ."

ఆయన మళ్లీ అడిగాడు. "ఆ పొద్దు అది మా పడుగు కిందికి ఏంటికి దూరింది? కట్టేసింటిరి గదా?"

అత్త అప్పుడు గద్ద సంగతి చెప్పింది. ఫిర్యాదులాగా కాదు, అడిగాడు కాబట్టి చెప్పినట్టుగా చెప్పింది. పెరట్లో ఏం జరిగేదో, నా కళ్లముందు ఏం జరిగిందో, వాకిట్లోకి ఎందుకు మార్చాల్సి వచ్చిందో. పెద్దాయన వింటూ వింటూ లేచి, చెప్పులు తొడుక్కుని, మా ఇంటి పెరట్లోకి నడిచాడు. మేము వెనకే పోయాం. ఆయన గోడ దగ్గర నిలబడి, చేయి అడ్డం పెట్టుకుని ఆకాశం చూశాడు. అది ఎటు నుంచి వస్తుందని నన్నే అడిగాడు. చూపించాను.

"పడుగు పరిచినప్పుడు మా వీధిలో ఒక్క కాకైనా కిందికి దిగడం చూసినావా?" అన్నాడు.

ఆలోచించాను. నిజమే, ఎప్పుడూ చూడలేదు.

"రెక్క ఉన్న ప్రాణికి పోగంటే భయం. రెక్క చిక్కుకుంటే దాని బతుకు అయిపోయినట్టే గదా. దానికి ఆ మాత్రం తెలుసు" అన్నాడు.

ఇంటికి పోయి, ఆ మూల పడి ఉన్న పాడైన పట్టు ముద్దను తెచ్చాడు. వంకాయ రంగు పట్టు అది. ఆయన భార్య, అత్త కూర్చుని చిక్కు విప్పుతూ నాలుగైదు పోగులు కలిపి దారంగా పేనారు. పెద్దాయన మా రాతిగోడ ఎక్కి, రాళ్ల సందుల్లో కర్రలు నాటాడు. ఇంటి చూరు నుంచి కర్రలకు, ఆ కర్రల నుంచి మళ్లీ చూరుకు, ఒకదాని పక్కన ఒకటి, జానెడు జానెడు ఎడంగా లాగి కట్టాడు. ఏ దారం వదులుగా లేదు, ఏదీ మరీ బిగుతుగా లేదు. మా పెరటి మీద ఆయన పడుగు వేసినట్టే ఉంది. పొద్దు వాలే ఎండలో ఆ దారాలు ఒకసారి కనబడేవి, ఒకసారి మాయమయ్యేవి.

అప్పుడే మా నాయన చేను నుంచి వచ్చాడు. తన గోడ మీద నిలబడ్డ మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏందన్నా ఇది?" అన్నాడు.

"చూస్తాండావు గదప్పా, దారాలు. ఆ మొల ఇటు అందియ్యి" అన్నాడు పెద్దాయన.

నాయన మొల అందించాడు. ఆ తర్వాత ఇంకొకటి అందించాడు. చీకటి పడేదాకా ఇద్దరూ కలిసి కట్టారు. సంత మాట పెద్దాయన ఎత్తలేదు, నాయనా ఎత్తలేదు. గోడ దిగి చేతులు దులుపుకుంటూ మాత్రం పెద్దాయన అన్నాడు. "ఆ పొద్దు నేనూ ఒక మాట ఎక్కువన్నాను లేప్పా."

"పడుగు తెగితే ఎవరైనా అంటారు అన్నా" అన్నాడు మా నాయన. వసారాలో పెట్టిన వలను తీసి అటక మీదికి విసిరేశాడు.

తెల్లవారాక అత్త గంప ఎత్తింది. ఇన్నాళ్లుగా మగ్గి ఉన్న కోడి, పిల్లలు పెరట్లోకి పరుగెత్తాయి. ఆ రోజు అమ్మా అత్తా పనికి ఆలస్యంగా పోయారు. పెద్దాయన కూడా మగ్గం వదిలి గోడ అవతల నిలబడ్డాడు. గద్ద వచ్చింది. ఎప్పటిలాగే ఎండ వైపు నుంచే. రెక్కలు ముడిచి రాయిలాగా కిందికి జారింది. చూరు ఎత్తుకు వచ్చాక దాని రెక్క కొసకు దారం తగిలిందో, తగలకముందే మెరుపు కనబడిందో తెలియదు. ఒక్కసారిగా కాళ్లు ముందుకు చాచి, గాల్లోనే తడబడి, రెక్కలు టపటప కొట్టుకుంటూ పైకి లేచిపోయింది. పోయి కానుగ చెట్టు మీద కూర్చుని మా వైపే చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తన దారిన తాను పోయింది. ఎవరమూ చప్పట్లు కొట్టలేదు, కేక వేయలేదు. అత్త మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుంది.

దారాలతో కష్టాలన్నీ తీరిపోయాయని చెప్పలేను. ముంగిసకు దారమంటే లెక్క లేదు. గోడ సందులోంచి వచ్చి ఒక పిల్లను ఎత్తుకుపోయింది. అత్త, నేను కలిసి సందులన్నీ రాళ్లతో, మట్టితో పూడ్చాం. గాలివానకు దారాలు తెగితే మళ్లీ కట్టుకున్నాం. మిగిలిన పిల్లలు పెరిగి, ఎగిరి గోడ మీద కూర్చునేంతయ్యాయి. పడుగు చుట్టేదాకా కోడిని వాకిట్లోకి వదలకపోవడం మా వంతు. పడుగు చుట్టేశాక, "అయిపాయ, ఇడవండమ్మా" అని గోడ మీదుగా కేక వేయడం పెద్దాయన భార్య వంతు. ఆ కేక వినకుండా మా వీధిలో పొద్దు ఎక్కేది కాదు.

అత్త వేళ్లు ఆ పని మరిచిపోలేదు. చిక్కుపడ్డ పడుగు ఏ ఇంట్లో ఉన్నా ముందు ఆమెకు కబురు వచ్చేది. ఏడాది తిరిగేసరికి ఆమె కంకర కొట్టడం మానేసింది. మగ్గాల ఇళ్లలో పోగులు అతుకుతూ తన కాళ్ల మీద తాను నిలబడి, పెద్ద వయసు దాకా మా ఇంట్లోనే బతికింది. పోయేముందు చూపు మందగించినా, పోగు చేతికిస్తే వేళ్లతోనే చూసేది.

పెళ్లయి నేను కదిరికి వచ్చాను. నాకు మా మేనత్తంత ఓపిక లేదు. నోరు కాస్త ముందే లేస్తుంది. అయినా నా వల్ల ఎవరికైనా ఏదైనా పాడైందంటే, ఆమె అన్న ఆ ఒక్క మాట నా నోటికి అడ్డం వచ్చి నిలబడుతుంది. చెప్పబోయే మాటను మింగి, అక్కడ నా చేతులకు ఏమైనా పని ఉందా అని చూస్తాను.

కొన్నేళ్ల కిందట మేము బోరు వేయించాం. రాయి తొలిచిన తెల్లటి బురద గట్టు తెంచుకుని, పక్కింటామె మల్లెచెట్ల పాదుల్లోకి పోయింది. ఆ పూలు కట్టి అమ్ముకోవడమే ఆమె బతుకుతెరువు. మా ఇంటాయన, "పోయి ఒక మాట చెప్పి రాపో" అన్నాడు. నేను పార, తట్ట తీసుకుని పోయాను. పాదుల్లో కూర్చుని బురద ఎత్తిపోయడం మొదలుపెట్టాను. ఆమె గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది. కోపం ఆమె ముఖంలో స్పష్టంగా ఉంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడించలేదు. చీకటి పడ్డాక ఇంటికి వచ్చి, తెల్లవారి మళ్లీ పోయాను.

కొంతసేపటికి నా వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే, ఆమె కూడా చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, ఇంకో పార పట్టుకుని పక్క పాదులో దిగుతోంది.